రెండు వేల నుంచి ఏడు వేల దాకా: పాటలో ఎవరు ఎక్కడున్నారో చెప్పే ఇయర్‌ఫోన్స్

నెల్లూరు ట్రంకు రోడ్డులో అడిగినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అడిగినా మొబైల్ షాపులో ఇయర్‌ఫోన్స్ గురించి చెప్పే గొప్ప ఒక్కటే: "బేస్ అదిరిపోద్ది సార్". అబద్ధమేం కాదు, నిజంగానే అదురుతుంది. కాకపోతే ఆ అదురుడులో వీణ ఏ పక్కన ఉందో, కోరస్ అమ్మాయిలు గాయకుడి వెనక ఉన్నారో పక్కన ఉన్నారో ఏమీ తెలీదు. అంతా ఒకటే ముద్ద. ఆ ముద్దని విడదీసి వినిపించే వైర్ ఇయర్‌ఫోన్స్ ఇప్పుడు రెండు వేలకే వస్తున్నాయి. వీటినే ఐఈఎమ్‌లు (ఇన్-ఇయర్ మానిటర్లు, చెవి కన్నంలో దూర్చుకునేవి) అంటారు.

ఏది కొనాలో ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి తేలిక. బడ్జెట్ రెండు వేల దగ్గర ఆగాలంటే మూన్‌డ్రాప్ చూ 2, లేదా సెవెన్‌హెర్ట్జ్ జీరో 2. ఏడు వేల దాకా పెట్టగలిగితే ట్రూథియర్ హెక్సా. మధ్యలో మూడు, నాలుగు వేల మధ్య సిమ్‌గాట్ ఈడబ్ల్యూ200 ఉంది గానీ అది అందరి చెవికీ పడదు. ఏది కొన్నా ఇంకో రెండు, మూడొందలు టిప్పులకని (చెవి కన్నంలో కూర్చునే మెత్తటి తొడుగులకని) పక్కన పెట్టుకోండి. మోడల్ మారిస్తే వచ్చే తేడా కంటే టిప్పు మారిస్తే వచ్చే తేడానే చాలాసార్లు పెద్దది.

సౌండ్‌స్టేజ్ వేరు, ఇమేజింగ్ వేరు

రంగనాయకులపేటలో స్వామి ఉత్సవం వీధిలోకి వచ్చినప్పుడు ఓ అరుగు మీద కళ్లు మూసుకుని నిలబడండి. మేళం వీధిలో ఎంత మేర పరుచుకుని వినిపిస్తోందన్నది సౌండ్‌స్టేజ్. అందులో నాదస్వరం కుడిచేతి వైపు, డోలు దానికి రెండడుగుల ఎడంలో, తాళం వాళ్లిద్దరి వెనక అని వేలు పెట్టి చూపించగలిగితే అది ఇమేజింగ్. రెండూ కలిసే ఉండాలనేం లేదు. వేదిక వెడల్పుగా ఉండి మనుషులు మసగ్గా ఉండొచ్చు. చిన్న గదిలోనే ఉన్నా ఎవరి చోటు వాళ్లది స్పష్టంగా తెలియొచ్చు. తక్కువ ధరలో ఈ రెండోదే మనకి దొరికేది, పాటకైనా ఆటకైనా నిజంగా అక్కరకొచ్చేది కూడా అదే.

ఎందుకంటే చెవి లోపల పెట్టుకునే ఏ ఇయర్‌ఫోన్‌కైనా వెడల్పులో ఒక హద్దుంది. ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఆ శబ్దం ఎడమ చెవికి ముందు చేరి, తల చుట్టి కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.6, 0.7 మిల్లీసెకన్లు. తల అడ్డం ఉండటంతో సన్నటి శబ్దాలు కుడి చెవికి చేరేసరికి తగ్గుతాయి కూడా. ఈ రెండు తేడాలతోనే మెదడు ఎడమా కుడీ తేల్చుకుంటుందని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందా వెనకా, పైనా కిందా అన్నది తేలాలంటే మాత్రం చెవి డొప్ప మడతలు కావాలి. వాటికి తగిలి వచ్చేటప్పుడు శబ్దంలో కలిగే మార్పుని బట్టే మెదడు ఆ సంగతి పోలుస్తుంది. ఐఈఎమ్ ఆ డొప్పని దాటేసి నేరుగా కన్నంలోకి వదులుతుంది. అందుకే యాభై వేలు పోసి కొన్నా స్పీకర్ల ముందు కూర్చున్నట్టు ఉండదు. శబ్దం తల లోపలా, చెవుల పక్కన ఓ జానెడు దూరం దాకా ఉంటుందంతే.

వెడల్పే ముఖ్యం, ఇంట్లో ఒక్కరే కూర్చుని వింటాం అనేవాళ్లకి ఐఈఎమ్ కంటే చెవి మీద కొక్కెంలా వేలాడే కాస్ కేఎస్‌సీ75 లాంటిది మేలు. అది పూర్తిగా తెరిచి ఉండేది, శబ్దం డొప్పకి తగిలే లోపలికి వెళ్తుంది. బస్సులో మాత్రం దండగ. బయటి గోలంతా లోపలికే, లోపలి పాటంతా పక్క సీటుకే.

డ్రైవర్ల లెక్క చూసి మోసపోవద్దు

అట్టపెట్టె మీద ఒక్కో చెవికి ఐదు డ్రైవర్లు, ఎనిమిది డ్రైవర్లు అని పెద్దక్షరాల్లో రాస్తారు. డ్రైవరంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్. ఇమేజింగ్‌కి కావాల్సింది లెక్క కాదు, జోడీ. ఎడమ పక్కదీ కుడి పక్కదీ ఒకే శబ్దాన్ని ఒకేలా పలకాలి. ఏదో ఒక స్వరం దగ్గర కుడిది రెండు డెసిబెళ్లు ఎక్కువ పలికిందనుకోండి, ఆ స్వరం పాడినప్పుడల్లా గాయకుడు మధ్యలోంచి కుడికి ఓ అడుగు జరిగి, మళ్లీ వెనక్కి వస్తాడు. వినేవాళ్లకి ఇది తప్పుగా తెలియదు, ఏదో మసకగా ఉందనిపిస్తుంది అంతే. డ్రైవర్లు పెరిగే కొద్దీ వాటి మధ్య శబ్దాన్ని పంచే సర్క్యూట్ కూడా పెరుగుతుంది, జోడీ తప్పే చోట్లూ పెరుగుతాయి. తక్కువ ధరలో ఒకే ఒక్క 10 ఎంఎం డైనమిక్ డ్రైవర్‌ని (మామూలు స్పీకర్‌లా పొర అదిరే రకాన్ని) బాగా ట్యూన్ చేసినదాన్ని నమ్మడమే మంచిది.

రెండోది ట్యూనింగ్, అంటే ఏ స్వరం ఎంత గట్టిగా పలకాలో కుదర్చడం. ఇందులో నాలుగు చోట్లు చూడాలి. 200, 300 హెర్ట్జ్ దగ్గర ఉబ్బితే మృదంగం మీద దుప్పటి కప్పినట్టు ఉండి, పక్కనున్న వాయిద్యాలన్నిటినీ అది మింగేస్తుంది. షాపులో అదిరే బేస్ చాలా వరకు ఇదే. 1500, 2000 హెర్ట్జ్ దగ్గర ఎక్కువైతే గొంతు మొహం మీదకొచ్చి అరుస్తున్నట్టు ఉంటుంది, వేదిక లోతు పోతుంది. 3000 దగ్గర మాత్రం కొంత లేపి ఉండటం సహజమే. చెవి కన్నం తనంతట తనే ఆ ప్రాంతాన్ని పెంచుతుంది, ఐఈఎమ్ ఆ కన్నాన్ని మూసేస్తుంది కాబట్టి పోయినదాన్ని ట్యూనింగ్‌లో తిరిగి ఇవ్వాలి. ఇక 10,000 పైన కొంచెమైనా పలక్కపోతే గజ్జెలూ తాళాలూ చివర తెగిపోయినట్టు ఉండి గది ఇరుకుగా అనిపిస్తుంది. గ్రాఫులు చూసే అలవాటున్నవాళ్లకి ఒక హెచ్చరిక: 8000 దగ్గర కనిపించే కొమ్ము చాలాసార్లు కొలిచే గొట్టం వల్ల వచ్చేది. మీ చెవిలో అది వేరే చోట ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు.

చూ 2 ఎవరికి, జీరో 2 ఎవరికి

ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. రెండిటికీ 10 ఎంఎం సింగిల్ డ్రైవర్, రెండిటికీ ఊడదీసే 0.78 ఎంఎం రెండు పిన్నుల కేబుల్, ధర కూడా ఆఫర్లని బట్టి రెండు వేలకి కాస్త ఇటూ అటూ.

చూ 2 ది లోహపు డొప్ప (ఇయర్‌ఫోన్ పైతొడుగు), చిన్నది. చిన్న చెవులున్నవాళ్లకీ ఆడపిల్లలకీ ఇది తేలిగ్గా కూర్చుంటుంది. 18 ఓమ్‌ల నిరోధం, ఒక వోల్టుకి 119 డెసిబెళ్ల మోత కాబట్టి ఎంత బలహీనమైన ఫోనైనా మోగించేస్తుంది. శబ్దం అంచులు పదునుగా ఉంటాయి. వయొలిన్ ఎక్కడ ఆగింది, దాని పక్కన ఫ్లూట్ ఎక్కడ మొదలైంది అన్నది తేటగా తెలుస్తుంది. దానికి చెల్లించే ధర, గొంతులో "స", "ష" అక్షరాలు కొన్ని పాటల్లో కొంచెం గుచ్చుకోవడం. వాల్యూమ్ ఎక్కువ పెట్టి వినేవాళ్లకి గంట తర్వాత చెవి అలిసిపోతుంది. నాజిల్ (టిప్పు తొడిగే గొట్టం) చివరి జాలీ మార్చుకునే వీలుంది, మన ఉక్కపోత ఊళ్లలో దాని విలువ ఎంతో కింద చెప్తాం.

జీరో 2 ప్లాస్టిక్ డొప్ప, కొంచెం పెద్దది, కానీ బరువే తెలీదు. 32 ఓమ్‌లు, 108 డెసిబెళ్లు. ఫోన్‌తో మోగుతుంది, చూ 2 కంటే రెండు మూడు మెట్లు వాల్యూమ్ ఎక్కువ పెట్టాలి. కింది బేస్ దీనికి ఎక్కువ. అదీ ఉబ్బు లేకుండా, అడుగు నుంచి వచ్చే బేస్. పైన నున్నగా ఉంటుంది. ఇమేజింగ్‌లో చూ 2 కి ఓ వెంట్రుక వాసి వెనకే, అంచులు కాస్త మెత్తన. గంటలకొద్దీ పెట్టుకుని పనిచేసుకునేవాళ్లకీ, సినిమా పాటలు ఎక్కువ వినేవాళ్లకీ మా ఓటు దీనికే. పాత పాటలు, కచేరీలు, ఆటల్లో అడుగుల చప్పుడు ముఖ్యమనుకునేవాళ్లకి చూ 2.

ఇంకా తక్కువలో, వెయ్యి లోపు అంటే కేజెడ్ ఈడీఎక్స్ ప్రో. బేసూ ట్రెబులూ (పై సన్నటి స్వరాలు) ఎత్తి, మధ్యలో గొంతుని తొక్కినట్టుంటుంది. వెడల్పుగా అనిపిస్తుంది గానీ గాయకుడు నాలుగో వరసలో నిలబడ్డట్టు. మొదటి వైర్ ఇయర్‌ఫోన్‌గా, పోతే పోయిందనుకునేలా వాడుకోవడానికి బాగుంటుంది. ట్యాంగ్‌జూ వానర్ దాదాపు చూ 2 ధరలోనే వస్తుంది, గొంతు వెచ్చగా ఉంటుంది. ఇమేజింగ్ కోసమైతే దానికి పోవద్దు. ఫైనల్ ఈ500 ని తయారుచేసిందే రెండు చెవుల మైకులతో రికార్డు చేసిన బైనారల్ శబ్దాల కోసం, ఆటల కోసం. ఆ పనికి భేష్. దాని కేబుల్ మాత్రం ఊడిరాదు, తెగితే అంతే సంగతులు.

ఈడబ్ల్యూ200 లోహపు డొప్ప, 16 ఓమ్‌లు, ఒక వోల్టుకి 126 డెసిబెళ్లు. ఈ ధరలో వివరం దీనికే ఎక్కువ, ప్రతి చిన్న చప్పుడూ దాని చోట నిలబడి ఉంటుంది. కానీ వెలుగెక్కువ. ట్రెబుల్‌కి చెవి నొప్పెట్టేవాళ్లు దీన్ని వారంలో అమ్మకానికి పెడతారు. ఇంత సున్నితం కాబట్టి చవక డాంగిల్‌తో (ఫోన్ టైప్-సీకి తగిలించే హెడ్‌ఫోన్ అడాప్టర్‌తో) పెడితే పాట లేనప్పుడు సన్నగా బుస్సుమని వినిపిస్తుంది కూడా.

హెక్సాలో ఒక డైనమిక్, మూడు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఇంకా చిన్న రకం డ్రైవర్లు). డ్రైవర్ల లెక్క చూడొద్దని పైన చెప్పి ఇప్పుడు నాలుగున్నదాన్ని మెచ్చుకోవడమేంటంటారా? దీని గొప్ప లెక్కలో లేదు, వాటిని కలిపిన తీరులో ఉంది. పది వాయిద్యాలు ఒక్కసారి మోగినా ఏదీ ఇంకోదాని మీద పడదు, వాటి మధ్య ఖాళీ కూడా వినిపిస్తుంది. వెడల్పు పరంగా చూ 2 కంటే మరీ పెద్దదేం కాదు, ఆ తేడా కోసం ఏడు వేలు పెట్టొద్దు. బేస్ మితం. డప్పు దరువు గుండెలకి తగలాలనేవాళ్లకి చప్పగా ఉంటుంది. నాజిల్ లావు, సన్న కన్నం ఉన్నవాళ్లకి గంటలో నొప్పి పుడుతుంది. అదే కంపెనీ జీరో రెడ్ ఐదు వేల దగ్గర దొరుకుతుంది, రెండు డైనమిక్ డ్రైవర్లు, బేస్ పెంచే 10 ఓమ్‌ల అడాప్టర్ పెట్టెలోనే ఇస్తారు. దాని నాజిల్ కూడా లావే.

టిప్పు సరిగ్గా కూర్చోకపోతే పైన చెప్పిందంతా వృథా

ఈ రకం ఇయర్‌ఫోన్స్‌కి వైరు కిందికి వేలాడకూడదు, చెవి పైనుంచి తిప్పి వెనక్కి పోవాలి. కొత్తగా కొన్నవాళ్లు కిందికి వేలాడేసి, ఊడిపోతోందనీ బేస్ లేదనీ తిట్టుకుంటారు. ముందు ఇయర్‌ఫోన్‌ని చెవి దగ్గర పెట్టి కొక్కెం లాంటి వైరు ముక్కని చెవి డొప్ప మీదుగా వేయండి. అవతలి చేతిని తల వెనక నుంచి తెచ్చి డొప్పని పైకీ వెనక్కీ లాగి పట్టుకోండి. కన్నం నిటారవుతుంది. అప్పుడు లోపలికి పెట్టి కాస్త ముందుకి తిప్పి, డొప్ప వదిలేయండి. బయటి ఫ్యాన్ చప్పుడు ఠక్కున తగ్గితే సీల్ పడినట్టు.

సీల్ పడిందో లేదో గట్టిగా తెలుసుకోవాలంటే యూట్యూబ్‌లో 40 హెర్ట్జ్ టోన్ పెట్టండి. రెండు చెవుల్లో సమానంగా గుమ్మని వినిపించాలి. వేలితో మెల్లగా నొక్కితే ఒక పక్క గుమ్మన్నది పెరిగిందంటే ఆ పక్క గాలి పోతోంది. దానికి ఒక సైజు పెద్ద టిప్పు వేయండి. ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి లార్జ్ వేసుకోవడంలో తప్పేం లేదు, చాలామందికి రెండు కన్నాలు ఒక్కలా ఉండవు. ఒక పక్క సీల్ లేకపోతే బేస్ అంతా ఇంకో పక్కకి వాలిపోయి ఇమేజింగ్ నాశనమవుతుంది, తప్పు ఇయర్‌ఫోన్ మీదకి పోతుంది.

టిప్పు నోరు వెడల్పుగా ఉంటే ట్రెబుల్ విప్పారి స్టేజ్ కొంచెం తెరుచుకుంటుంది, సన్నగా ఉంటే మెత్తబడుతుంది. చూ 2 గుచ్చుకుంటోందంటే సన్న నోటి టిప్పు, జీరో 2 మూసుకున్నట్టుందంటే వెడల్పు నోటిది వేసి చూడండి. ఫోమ్ టిప్పులు రైల్లో బాగుంటాయి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుంటే చక్రాల గోల కింది స్వరాలన్నిటినీ కప్పేస్తుంది, ఫోమ్ దాన్ని కొంత ఆపుతుంది. కాకపోతే పైనున్న సన్నటి స్వరాలని కూడా కొంత మింగుతుంది, పైగా మన చెమటకి రెండు, మూడు నెలల్లో గట్టిపడిపోతుంది.

వేదిక వెడల్పయిందని మురిసిపోయే ముందు

ఒక పొరపాటు తరచూ జరుగుతుంది, చూడటానికి అచ్చం మంచి సౌండ్‌స్టేజ్‌లా ఉంటుంది. రెండు పిన్నుల కేబుల్‌ని ఎటు తిప్పి గుచ్చినా దిగుతుంది. ఒక పక్క సరిగ్గా, ఇంకో పక్క తిరగేసి గుచ్చితే ఎడమ డ్రైవర్ ముందుకి తోస్తున్నప్పుడు కుడిది వెనక్కి లాగుతుంది. అప్పుడు పాట తల బయటికి విరజిమ్మినట్టు, చాలా వెడల్పుగా వినిపిస్తుంది. బేస్ మాత్రం పల్చబడుతుంది, మధ్యలో నిలబడాల్సిన గాయకుడు ఎక్కడా ఉండడు. తల వెనక నుంచో, రెండు పక్కల నుంచో గొంతు వస్తుంది. కేబుల్ మార్చగానే "అబ్బ, స్టేజ్ ఎంత పెరిగిందో" అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే. కొక్కెం వంపు రెండు పక్కలా చెవి వెనక్కే తిరిగి ఉందో లేదో చూడండి. ఒక పక్కది బయటికి తిరిగి ఉంటే అది తిరగేసి గుచ్చినట్టే. కొక్కెం లేని కేబుల్ అయితే ఒక పక్క తీసి తిప్పి గుచ్చి, గొంతు మధ్యకి వచ్చి బేస్ నిండిందా అని వినండి.

దీనికి అన్న లాంటిది ఇంకోటుంది. 3.5 ఎంఎం జాక్‌లో గ్రౌండ్ (రెండు పక్కలకీ ఉమ్మడిగా ఉండే తీగ) సరిగ్గా తగలకపోతే ఎడమ కుడి మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గాయకుడి గొంతు రెండింటిలో సమానం కాబట్టి మాయమైపోయి, వాయిద్యాలూ ప్రతిధ్వనీ మాత్రం మిగులుతాయి, కరోకే ట్రాక్ లాగా. జాక్ పూర్తిగా దిగకపోయినా, ఫోన్ కవర్ మందంగా ఉండి అడ్డుపడినా, రంధ్రంలో జేబు నూగు చేరినా ఇదే జరుగుతుంది. కవర్ తీసి నొక్కండి, చెక్క పుల్లతో నూగు తీయండి. గుండుసూది వద్దు.

ఉక్కపోత, ఉప్పు గాలి

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట ఉన్న ఊళ్లలో ఇయర్‌ఫోన్స్‌కి శత్రువు ధర కాదు, తేమ. నాజిల్ చివర సన్నటి జాలీ ఉంటుంది. చెవి లోపలి ఆవిరి, చెమట ఆ జాలీ కన్నాల్లో నీటి పొరలా నిలుస్తుంది. ఏసీ గదిలో చల్లబడిన లోహపు డొప్పని చెవిలో పెట్టుకుని రోహిణి ఎండలోకి వస్తే ఇంకా తొందరగా. అది ఒక పక్కే ఎక్కువ పడుతుంది, అప్పుడు ఆ పక్క వాల్యూమ్ తగ్గి పాటంతా రెండో పక్కకి వాలుతుంది. మర్నాటికి దానంతటదే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. దీన్నే "లెఫ్ట్ పోయింది" అనుకుని పారేసేవాళ్లున్నారు.

చేయాల్సింది చిన్న పని. టిప్పు తీసి, నాజిల్‌ని కిందికి పెట్టి, టిష్యూతో ఒత్తండి, రుద్దొద్దు. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి రాత్రంతా ఉంచండి. చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలే చాలు. హెయిర్ డ్రయ్యర్ పెడితే జాలీ జిగురు వదులుతుంది, ఎండలో బైకు ట్యాంకు మీద ఆరబెట్టినా అంతే. ఉప్పు గాలికి పిన్నుల మీద ఆకుపచ్చ పొర కడితే మొబైల్ రిపేరు వాళ్ల దగ్గరుండే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం ఇయర్‌బడ్ పుల్లకి అద్ది తుడవండి. ఆ పొరే ఒక పక్క నిరోధం పెంచి బ్యాలెన్స్ చెడగొడుతుంది.

ఫోన్ వైపు

జాక్ లేని ఫోన్‌కి వంద రూపాయల టైప్-సీ కన్వర్టర్ కొంటే చాలా వరకు పనిచేయదు. దాని లోపల ఏ చిప్పూ ఉండదు, ఫోనే అనలాగ్ శబ్దం పంపాలి, ఈమధ్య ఫోన్లలో ఎన్నో ఆ పని చేయవు. డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్ శబ్దంగా మార్చే చిప్పు) ఉన్న డాంగిల్ అని అడిగి తీసుకోండి. ఆపిల్ అడాప్టర్ శుభ్రంగా పలుకుతుంది గానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ సగంలోనే ఆగిపోతుంది. చూ 2 కి ఆ సగమే సరిపోతుంది, జీరో 2 కి చాలదు. హెక్సా లాంటి బహుళ డ్రైవర్ల వాటికి డాంగిల్ అవుట్‌పుట్ నిరోధం ఇయర్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు లోపు ఉండాలని లెక్క, అంటే 20.5 ఓమ్‌ల హెక్సాకి రెండున్నర ఓమ్‌ల లోపు. లేకపోతే ట్యూనింగే మారిపోతుంది. డాంగిల్ గొడవే వద్దంటే చూ 2 లో నేరుగా టైప్-సీకి గుచ్చే డీఎస్‌పీ రకం ఉంది.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆపేసి ఉందా, ఎడమ కుడి బ్యాలెన్స్ గీత నడిమధ్యలో ఉందా చూడండి. డాల్బీ అట్మాస్, బేస్ బూస్ట్ ఆపండి. శాంసంగ్‌లో అడాప్ట్ సౌండ్ ఆన్ ఉంటే ఒక్కో చెవికి ఒక్కో రకంగా మారుస్తుంది, పరీక్ష చేసేటప్పుడు అదీ ఆపాలి. ఆటలోనే హెచ్‌ఆర్‌టీఎఫ్ (తలా చెవి డొప్పా చేసే మార్పుని లెక్కగట్టి దిక్కు వినిపించే సెట్టింగ్) ఉంటే, వాలరెంట్‌లో లాగా, అది ఒక్కటే ఉంచండి. దాని మీద డాల్బీ కూడా పెడితే దిక్కుని రెండుసార్లు కలిపి కలగాపులగం చేసినట్టే.

ఘంటసాల పాటతో పరీక్ష

జోడీ కుదిరిందో లేదో చూడటానికి ఖరీదైన రికార్డింగ్ అక్కర్లేదు. ఘంటసాల కాలం నాటి మోనో పాట ఒకటి చాలు. మోనో అంటే రెండు పక్కలా ఒకటే శబ్దం. కాబట్టి పాటంతా రెండు కళ్ల మధ్య, తల నడుమ ఓ చుక్కలా నిలబడాలి. తర్వాత వచ్చిన, స్టీరియోగా మార్చిన ప్రతులు దీనికి పనికిరావు, అసలు మోనోదే వెతకండి. గొంతు ఒక పక్కకి వాలితే ముందు టిప్పులు సరిచూడండి. ఆ తర్వాత ఇయర్‌ఫోన్లు చెవిలోనే ఉంచి కేబుల్ మాత్రం ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి. వాలు రెండో పక్కకి పోతే తప్పు కేబుల్‌ది, లేదా ఫోన్‌ది. వాలు అదే పక్క ఉంటే ఇయర్‌ఫోన్, జాలీ, లేదా ఆ చెవిలో గులిమి. మూడోదే ఎక్కువ.

పాట మొత్తం మధ్యలోనే ఉన్నా, 200 నుంచి 8000 హెర్ట్జ్ దాకా నిదానంగా పెరిగే స్వీప్ టోన్ పెట్టి చూడండి. చుక్క మధ్యలో నిలబడి ఉండాలి. 6000 పైన కాస్త కదలడం అందరికీ ఉంటుంది, కన్నాలు రెండూ ఒకేలా ఉండవు కదా. 500 కీ 4000 కీ మధ్య గట్టిగా ఒక పక్కకి దూకితే ఆ జత మంచిది కాదు, మార్పించుకోండి. చివరగా బాలు, జానకి కలిసి పాడిన స్టీరియో యుగళగీతం ఒకటి పెట్టండి. మూడు వాయిద్యాల చోట్లు కాగితం మీద రాసి, పది నిమిషాల తర్వాత మళ్లీ విని అవే చోట్లు చెప్పగలిగితే మీకు కావాల్సిన ఇమేజింగ్ మీ చెవిలో ఉన్నట్టే. వాల్యూమ్ పెంచితే స్టేజ్ పెరిగినట్టు ఉంటుంది, నమ్మొద్దు. వారానికి 40 గంటలకి 80 డెసిబెళ్లే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఎక్కడ కొనాలి

మన జిల్లాల షాపుల్లో బ్లూటూత్ బడ్స్ కుప్పలుగా ఉంటాయి గానీ ఈ మోడళ్లు దొరకడం అరుదు. రెండు వేల బ్లూటూత్ బడ్స్‌లో ఆ డబ్బు బ్యాటరీకీ చిప్పుకీ ఛార్జింగ్ డబ్బాకీ పోగా డ్రైవర్‌కి మిగిలేది తక్కువ. ఆటల్లో శబ్దం ఆలస్యంగా రావడం అదనం. కాబట్టి హెడ్‌ఫోన్ జోన్, కాన్సెప్ట్ కార్ట్ లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లోనో, అమెజాన్‌లోనో తీసుకోవాలి. చెన్నై పనిమీద వెళ్లేవాళ్లకి రిచీ స్ట్రీట్ ఉంది. అక్కడ ఏది కొన్నా బిల్లు అడగండి, లేకపోతే వారంటీ లేనట్టే. చెవిలో పెట్టుకునే వస్తువని చెప్పి, సీల్ తీశాక వెనక్కి తీసుకోనివాళ్లు చాలామంది ఉంటారు. కొనేముందే ఆ షరతు చదివి, పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీసి ఉంచుకోండి.

మైక్ ఉన్నదా లేనిదా అని ఆర్డర్ పేజీలో అడుగుతారు. ఫోన్ మాట్లాడే పనుంటే మైక్ ఉన్నదే తీసుకోండి, శబ్దంలో తేడా ఉండదు. కేబుల్ ఏడాది, ఏడాదిన్నరకి జాక్ దగ్గరో చెవి మడత దగ్గరో తెగడం మామూలే. మూడు, ఐదొందల మధ్య 0.78 ఎంఎం రెండు పిన్నుల కేబుల్ వస్తుంది. కేజెడ్‌వాటికి మాత్రం పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ తొడుగున్న రకం కావాలి, అది చూ 2 కి దిగదు. ఆర్డర్ పెట్టేముందు పాత కేబుల్ పిన్నుల ఫొటో తీసి పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.